ఊఁ కొట్టే బల్బు

...అదిగో, మీరూ ఆ బల్బునే చూస్తున్నారు. ఆ ఇంటికి ఎవరొచ్చినా అంతే. మంచం మీదున్న మనిషిని పలకరించి, కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు మాటలయ్యాక చూపు గోడ మీదికి పోతుంది. అక్కడ మేకుకు ఒక గంట. గంట పక్కన రెండు వైర్లకు వేలాడుతూ బొటనవేలంత బల్బు. హోల్డరు లేదు, పైన కప్పు లేదు. వైర్లను బల్బు అడుగుకే సీసం పెట్టి అతికించేశారు. ఇల్లంతా అద్దంలా పెట్టుకునే మనుషులు దీన్నొక్కదాన్నీ ఇలా ఎందుకు వదిలేశారా అని మీకనిపిస్తుంది, అడగడానికి మొహమాటం. అడగక్కర్లేదు లెండి. ఆ బల్బు సంగతి చెప్పడమంటే టెస్టరమ్మ సంగతి చెప్పడమే.

టెస్టరమ్మ అసలు పేరు ఆ వీధిలో సగం మందికి తెలియదు. తెలిసిన సగం మందీ మర్చిపోయారు. కొప్పులో ఎప్పుడూ ఒక టెస్టరు గుచ్చుకుని ఉంటుంది, పసుపుపచ్చ పిడి పైకి కనబడేలా. పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడైనా తీసి ఇంట్లో పెడుతుందనుకుంటే పొరపాటు. మేనకోడలి పెళ్ళిలో మైకు మూగబోతే, కొత్తబట్టలతోనే స్టేజీ కిందికి దూరి, మోకాళ్ళ నిండా దుమ్ముతో బయటికొచ్చింది. ఫోటోల్లో అలాగే ఉంది.

చదువు ఏడో తరగతి. అదీ పూర్తిగా కాదు. ఎవరైనా అడిగితే "ఆరూ ముప్పావు" అంటుంది. పద్దెనిమిదో ఏట బ్యాటరీ చార్జర్లు తయారుచేసే షెడ్డులో చేరింది. మొదట డబ్బాలకు మరలు బిగించే పని. ఇప్పుడు కిటికీ పక్క మూడో బల్ల ఆమెది. తయారైన ప్రతి చార్జరూ ఆమె చేతి మీదుగా పోవాలి. బల్ల నిండా కాలిన మచ్చలు, సీసం చుక్కలు రాలడానికి కోసిన పాలడబ్బా, చిన్న చిన్న సామాన్లకు మూతలున్న గాజుసీసాలు. ఎక్కడ ఏముందో చూడకుండా తీస్తుంది.

ఒక్క లోపం ఉంది, అదీ చెప్పుకోవాలి. ఒక పనిమీద బయల్దేరితే ఆ పని దాకా చేరదు. పాలకని వెళ్తుంది, దారిలో ఎవరిదో ఇస్త్రీపెట్టె వేడెక్కడం లేదంటారు, అరుగు మీద కూర్చుంటుంది. పాలు రావు.

ఆ షెడ్డులో ఆమెకు పని నేర్పింది ఒక ముసలి మేస్త్రీ. చార్జరు బోర్డు మీద మూడు కాళ్ళతో నల్లగా ఒక ముక్క ఉంటుంది, ఎస్సీఆర్ అంటారు. పుస్తకంలో దాని గురించి పదహారు పేజీలుంటాయట. మేస్త్రీ పుస్తకం తెరవలేదు. వాళ్ళ మేనత్త గురించి చెప్పాడు.

"అమ్మాయ్, మా మేనత్త ఒకావిడ ఉండేది. ఎదురుగా గంటసేపు కూర్చున్నా నోరు విప్పేది కాదు. 'ఏం అత్తా' అని ఒక్క మాట అన్నావో, అంతే. ఇంక రెండోసారి అడగక్కర్లేదు. నువ్వు నోరు మూసుకున్నా ఆపదు. ఈ మూడో కాలు ఉంది చూడు, దీన్ని గేటు అంటారు. ఆ 'ఏం అత్తా' అనే మాట ఇక్కడ వెయ్యాలి. చిటికెడు కరెంటు చాలు. ఆ మిగతా రెండు కాళ్ళ మధ్యా ధారగా పోతుంది."

"మరి ఆపాలంటే?"

"గేటు వల్ల కాదు. గేటుకి మొదలుపెట్టించడమే తెలుసు. మా అత్త ఎప్పుడాగేదంటావ్? ఊఁ కొట్టేవాడు లేచిపోయినప్పుడు. ఒక్క క్షణం ఊఁ వినబడకపోతే టక్కున ఆగేది. మళ్ళీ 'ఏం అత్తా' అనాల్సిందే. ఇదీ అంతే. లోపల పారే కరెంటు ఒక్క క్షణం తెగితే ఆగిపోతుంది."

టెస్టరమ్మ ఆ మాట విని నవ్వి ఊరుకుంది. ఇరవై ఏళ్ళు ఆ ముక్కలతోనే పనిచేసింది, మళ్ళీ ఆ మేనత్త అవసరం పడలేదు. బావకి పక్షవాతం వచ్చేదాకా.

బావ అంటే ఆమె అక్క భర్త. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. నిలబడ్డ చోటు నుంచే బస్సు చివరిదాకా వినబడే గొంతు ఆయనది. ఒక పొద్దున్న పళ్ళు తోముకుంటూ పడిపోయాడు. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేసరికి కుడి పక్కంతా పోయింది, ఎడమ పక్కా చాలామటుకు పోయింది, గొంతు పోయి గుసగుస మిగిలింది. ఎడమచేతిలో చూపుడువేలు మాత్రం కాస్త కదులుతుంది. నొక్కే బలం లేదు, నిమిరేంత బలం ఉంది. మెదడుకి మాత్రం ఏమీ కాలేదు. ఎగతాళికీ ఏమీ కాలేదు.

అక్క దర్జీ. ముందుగదిలో మోటారు మిషన్ మీద స్కూలు బట్టలు కుడుతుంది. పంతొమ్మిదో ఏట కొనుక్కున్న మిషన్, పిల్లలు లేని ఇంట్లో అదొక పిల్ల. బావ మంచం వెనక గదిలో. ఆ గదిలో మంచం పట్టగా మనిషి నడిచేంత చోటే ఉంది, మిషన్ పట్టదు. మిషన్ నడుస్తుంటే బావ గుసగుస వినబడదు. దాంతో అక్క అయిదు నిమిషాలకోసారి లేచి పరిగెత్తేది. పరిగెత్తి వచ్చి కూర్చుంటే ఎక్కడ ఆపిందో గుర్తుండేది కాదు. ఒక చొక్కాకి రెండూ ఎడమచేతులే కుట్టింది. బడివాళ్ళు దాన్ని తిప్పి పంపారు. బజారు కాలింగ్ బెల్లు తెచ్చి చూశారు, ఆ బొత్తాం నొక్కడం వేలి వల్ల కాలేదు.

రెండు నెలలు చూసి అక్క మిషన్ అమ్మేస్తానంది. పక్కవీధి ఆవిడెవరో ఆదివారం వచ్చి పట్టుకుపోతానంది.

"అమ్మి ఏం చేస్తావ్?" అంది టెస్టరమ్మ.

"మంచం పక్కన కూర్చుంటా. ఇంకేం చెయ్యను?"

"నువ్వు కూర్చుంటావా? నిలబడి తిండి తినే మనిషివి. పదిరోజుల్లో మీ ఇద్దరిలో ఎవరో ఒకళ్ళు రెండోవాళ్ళ పీక పిసుకుతారు."

"నేనైతే... పిసకలేను," అన్నాడు బావ మంచం మీంచి. "ఆ భయం... లేదు."

"చూశావా. ఆదివారం దాకా ఆగు అక్కా. నిమిరితే మోగే గంట చేసిస్తా. ఒక్కసారి నిమిరితే చాలు, నువ్వొచ్చేదాకా మోగుతూనే ఉంటుంది."

అంత ధీమాగా అనడానికి కారణం ఆ మూడుకాళ్ళ ముక్కే. గంట నడవాలంటే బోలెడు కరెంటు కావాలి, అంత కరెంటు మోసే బొత్తాం గట్టిగా ఉంటుంది. గేటుకైతే చిటికెడు చాలు. చిటికెడు మొయ్యడానికి పాత టెలిఫోన్లోంచి తీసిన పల్చటి ఇత్తడి రేకు చాలు. ఈగ వాలినా వంగుతుంది. పక్కన ఇంకో రేకు, మధ్యలో వెంట్రుకంత సందు. రెండూ కలిస్తే గేటుకి కబురు, గంట మొదలు. తర్వాత వేలు తీసేసినా గంట ఆగదు.

బుధవారం సాయంత్రం డబ్బా, పాత బండి బ్యాటరీ, గంట, అన్నీ పట్టుకొచ్చి అమర్చింది. రేకుని బావ వేలి పక్కన పెట్టింది.

"నిమురు బావా."

బావ నిమిరాడు. టంగ్.

ఒక్కటే టంగ్. అంతే.

మళ్ళీ నిమిరాడు. మళ్ళీ ఒక్క టంగ్.

"ఒక గంటంటే..." అన్నాడు బావ, "బండి ఆపమని. రెండైతే... పోనిమ్మని. నీది... ఆగిన బండి మరదలా."

అక్క నవ్వేసింది. రెండు నెలల్లో మొదటిసారి. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళింది. కొళాయి తిప్పిన చప్పుడు చాలాసేపు వినబడింది. టెస్టరమ్మ ఆ చప్పుడు విని, డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

గురువారమంతా షెడ్డులో దానితోనే సరిపోయింది. గంట తీసేసి ఆ చోట బల్బు పెడితే, ఒక్కసారి నిమరగానే బల్బు వెలిగి వెలుగుతూనే ఉంది. గంట పెడితే ఒక్క టంగ్. ముక్క చెడిందేమోనని మార్చింది. మూడు ముక్కలు మార్చింది.

"నా సరుకంతా మీ బావ మంచం కిందికే పోతోందేమిటమ్మా," అన్నాడు ఓనరు వెనక నుంచి.

"మీ సరుకులోనే లోపముందేమో చూస్తున్నా సార్."

ఓనరు ఇంక అటు రాలేదు.

శుక్రవారం తిండి బెల్లు కొట్టాక అందరూ లేచారు. ఆమె లేవలేదు. గంట మూత ఊడదీసి, లోపల ఏముందో మొదటిసారి సరిగా చూసింది. ఇరవై రెండేళ్ళుగా చార్జర్లే చూసిన కళ్ళు, గంటని ఎప్పుడు చూశాయి గనక. లోపల ఒక అయస్కాంతం, ఒక సుత్తి. కరెంటు రాగానే అయస్కాంతం సుత్తిని లాగుతుంది, టంగ్. సుత్తి ముందుకి రాగానే దాని వెనకాల అతుకు విడిపోతుంది, కరెంటు తెగుతుంది. సుత్తి వెనక్కి పడితే మళ్ళీ అతుకు కలుస్తుంది, మళ్ళీ లాగుతుంది. గంట అలా తన కరెంటు తనే తెంచుకుంటూ కలుపుకుంటూ మోగుతుంది. దాని బతుకే అంత.

కొప్పులో టెస్టరు తీసి ఆ అతుకుని మెల్లగా కదిపింది. విడిపోయిన క్షణంలో చిన్న మెరుపు. అప్పుడు మేస్త్రీ మేనత్త గుర్తొచ్చింది. గంట మొదటి దెబ్బ కొట్టగానే ఊఁ ఆగిపోతోంది. వినేవాడు లేడని ముక్క నోరు మూసుకుంటోంది.

మరి ఊఁ కొట్టేవాడొకడు పక్కన కావాలి. గంట ఎన్నిసార్లు విడిచినా, కలిసినా, తన పాటికి తను కరెంటు పారనిచ్చేవాడు.

నిన్న పెట్టిన బల్బు ఇంకా బల్ల మీదే ఉంది. దాన్ని గంట పక్కన, గంటకి సమాంతరంగా కలిపింది, కరెంటుకి అది రెండో దారి అయ్యేలా. రేకుని వేలితో తాకి వదిలింది. గంట మోగింది. మోగుతూనే ఉంది. బల్బు వణక్కుండా వెలుగుతూనే ఉంది. షెడ్డు బయట తిండి తింటున్నవాళ్ళు పని బెల్లనుకుని సగం అన్నం మూతపెట్టుకుని లోపలికొచ్చారు. ఆ రోజు ఆమె తిన్న తిట్లు చాలా ఉన్నాయి, అవి ఇక్కడ చెప్పడం బాగోదు.

ఆ సాయంత్రం అక్క ఇంట్లో బిగించింది. హోల్డరు చేతిలో లేదు. వైర్లు బల్బుకే అతికించింది. "రేపు హోల్డరు తెచ్చి బిగిస్తాలే బావా," అంది. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

బావ నిమిరాడు. గంట మోగింది, ఆగలేదు. బావ కళ్ళు మూసుకుని వింటూ పడుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు గంట కొట్టిన మనిషి. ఎవరూ ఆపమని అనలేదు.

తర్వాత అక్క ముందుగదిలోకి వెళ్ళి మిషన్ మీద కాలు పెట్టింది. గంట మోగింది. పరిగెత్తింది.

"ఏం కావాలి?"

"నేను... ముట్టుకోలేదు."

మళ్ళీ వెళ్ళి కాలు పెట్టింది. మళ్ళీ మోగింది. ఆరుసార్లు.

"ఇది గంట కాదే, నా ఖర్మ," అంది అక్క ఆయాసపడుతూ.

"ప్యాసింజర్లు... ఎక్కువయ్యారు," అన్నాడు బావ.

టెస్టరమ్మ మిషన్ మోటారు పక్కన చెవి పెట్టి వింది, లోపల చిటపటమంటోంది. డబ్బా ముందుగదిలో మిషన్ పక్కనే ఉంది, అక్కడి నుంచి మంచందాకా పొడుగాటి వైరు. మోటారులో రేగే మెరుపుల్ని ఆ వైరు గాలికబుర్లలా పట్టుకుని గేటుకి మోస్తోంది. శనివారం డబ్బాని మంచం దగ్గరికి మార్చి వైరు జానెడు చేసింది. గేటు నుంచి పక్కకాలికి ఒక చిన్న రెసిస్టరు కట్టింది, గాలికబుర్లు అటు నుంచటే పోయేలా. ఆ తర్వాత మిషన్ ఎంత గోలపెట్టినా గంట పలకలేదు. బావ వేలికే పలికింది.

అంతా అయిపోయిందనుకున్నాక అసలు పోట్లాట వచ్చింది. గంట ఆపే బొత్తాం అప్పటిదాకా డబ్బాకే వేలాడుతోంది, దాన్ని మంచం పట్టీకి బిగిస్తోంది టెస్టరమ్మ.

"అక్కడెందుకే?" అంది అక్క. "నా మిషన్ పక్కన పెట్టు."

"ఇక్కడే."

"ఒక కుట్టు మధ్యలో ఉంటాననుకో. అక్కడే గంట ఆపుకుని, కుట్టు అయ్యాక వస్తా. ఆ గోల వింటూ ఎలా కుట్టను?"

"కుట్టకు. లేచి రా."

"నా మొగుణ్ణి నేను చూసుకోననా నీ ఉద్దేశం? నువ్వా నాకు నేర్పేది?"

"నిన్ను నమ్ముతానక్కా. ఆ కుట్టునే నమ్మను. అదయ్యాక ఇంకో కుట్టుంటుంది. గంట ఆపాలంటే బావ దగ్గరికి రావాల్సిందే. లేకపోతే ఇంత కష్టపడి ఎందుకు చేసినట్టు?" బావ వైపు తిరిగింది. "బస్సులో గంట తాడు డ్రైవరు చేతికిస్తారా బావా?"

"ఇవ్వరు," అన్నాడు బావ.

"ఇద్దరూ ఒకటయ్యారు," అని అక్క ముందుగదిలోకి వెళ్ళిపోయింది. ఆదివారం పక్కవీధి ఆవిడ మిషన్ కోసం వస్తే, "అమ్మట్లేదు," అని ఒక్క ముక్కలో పంపేసింది. చెల్లెలితో మాత్రం మూడు వారాలు మాట్లాడలేదు. ఎదురుగా కూర్చుని ఉన్నా బావతో చెప్పించేది. "మీ మరదల్ని తినమనండి." బావ గుసగుసగా "తినమంటోంది" అనేవాడు. అలా మూడు వారాలు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం అక్క కాలర్లు కుడుతోంది. కాలరు మలుపు దగ్గర ఆపితే కుట్టు గంతేస్తుంది, అది దర్జీలకు తెలుసు. సరిగ్గా ఆ మలుపులో గంట మోగింది. వస్తున్నా అనుకుంది. మలుపు తిప్పింది. గంట మోగుతూనే ఉంది. ఇంకో జానెడుంది, అది కూడా అవగొడదామనుకుంది. గంట చెవిలో తొలుస్తోంది. గంట ఆపడానికి చెయ్యి దానంతటదే మిషన్ పక్కన తడిమింది. అక్కడ బొత్తాం లేదు. చెల్లెల్ని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ లేచింది.

బావ దిండు మీంచి జారిపోయి ఉన్నాడు. మెడ వంగి గడ్డం ఛాతీకి ఆనింది, గొంతులో ఉమ్ము అడ్డంపడింది, పెదవులు నల్లబడ్డాయి. అక్క ఎలా తిప్పిందో ఆమెకే తెలియదు. పక్కకి తిప్పి, వీపు చరిచి, వేలు పెట్టి నోరు శుభ్రం చేసింది. ఒక దగ్గు వచ్చింది, తర్వాత ఇంకోటి. ఊపిరి అందింది. గంట ఇంకా మోగుతూనే ఉంది, దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. ఆ మోతకి పైవాటా అతను చెప్పుల్లేకుండా దిగొచ్చాడు. వాళ్ళమ్మతో పైన ఉంటాడతను. అతనే బొత్తాం నొక్కాడు.

బావ నిమ్మళించాక అతన్ని కూర్చోబెట్టి అక్క బయల్దేరింది. మెళ్ళో కొలతల టేపు తియ్యలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి చెల్లెలి షెడ్డులోకి వెళ్ళి మూడో బల్ల ముందు నిలబడింది. టెస్టరమ్మ తలెత్తి చూసి చేతిలో సీసం కరిగించే కడ్డీ పక్కన పెట్టేసింది.

"ఏమైంది?"

"ఏం కాలేదు. ఏం కాలేదని చెప్దామనే వచ్చా." అక్క కాసేపు ఆ గాజుసీసాల వంక చూసింది. "ఆ బొత్తాం అక్కడే ఉండనీ."

"నేను తీస్తానన్నానా ఇప్పుడు?"

"నువ్వనలేదు. నేనే. ఇవాళ చెయ్యి దానికోసం వెతికిందే."

టెస్టరమ్మ స్టూలు లాగి అక్కని కూర్చోబెట్టింది. ఓనరు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు, సరుకు ఊసెత్తలేదు.

అది జరిగి ఆరేళ్ళు. బావ ఉన్నాడు, మిషన్ ఉంది, గంట ఉంది. టెస్టరమ్మ ఆరేళ్ళలో చాలామందికి చాలా చేసిపెట్టింది, అది వీధిలో ఎవర్నడిగినా చెప్తారు. హోల్డరు మాత్రం రాలేదు. ఆమె గుమ్మంలో అడుగుపెట్టగానే బావ అడిగే మొదటి మాట, "హోల్డరు?" ఆమె చెప్పేది, "రేపు." ఇది ఆ ఇంట్లో నమస్కారం లాంటిదైపోయింది.

మొన్న ఒక సెలవురోజు ఎవరు పిలిచినా ఆగకూడదని ఒట్టేసుకుని బయల్దేరింది. నిజంగానే ఆగలేదు. బజారుకెళ్ళి ఇత్తడి హోల్డరు కొంది. చేత్తో పట్టుకునే, బావకి దూరం నుంచే చూపిద్దామని గేటు తీసింది.

మెట్ల మీద పైవాటా అతను కూర్చుని ఉన్నాడు.

"అమ్మ పొద్దున స్నానాలగది గుమ్మంలో పడిపోయింది," అన్నాడు. "నేను పంపు దగ్గరున్నాను, పిలిచిందట, వినబడలేదు. ఎముకలేం విరగలేదు. కింద మీరు పెట్టారే, అలాంటిది..." అని ఆపేశాడు.

టెస్టరమ్మ అతని పక్కన మెట్టు మీద కూర్చుని సంచి తెరిచింది. మూడుకాళ్ళ ముక్కలు మందులడబ్బాలో ఎప్పుడూ ఉంటాయి. రేకులున్నాయి, బల్బుంది. గంటా, బ్యాటరీ అతను సైకిలేసుకెళ్ళి తెచ్చాడు. పెద్దావిడ మంచం గోడకి ఆనుకుని ఉంది, చెయ్యి వణుకు. బల్బు ఉత్తగా వేలాడితే ఆవిడ చెయ్యి తగిలి పగలడం ఖాయం. టెస్టరమ్మ ఒక్క నిమిషం చేతిలో ఉన్న హోల్డరు వంక చూసి, దాన్ని గోడకి బిగించింది.

సాయంకాలం పైన గంట మోగింది, ఆగకుండా. కింద మంచం మీద బావ విన్నాడు. విని, తన రేకు నిమిరాడు. అక్క మిషన్ ఆపి లేచింది, టెస్టరమ్మ మెట్లు దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఏం బావా, ఏమైంది?"

"హోల్డరు?"

ఆమె ఆయాసం తీర్చుకుని బొత్తాం నొక్కి గంట ఆపింది. పక్కన రెండు వైర్లకు వేలాడుతున్న బల్బు ఆరిపోయింది.

"పైన ఉంది," అంది. "రేపు ఇంకోటి తెస్తా."